పిలవని పేరంటాళ్లు

దేవతలూ దానవులూ కూడి పాలసముద్రాన్ని చిలికింది అమృతం కోసం. ముందు వచ్చింది మాత్రం హాలాహలం. ఆ తరవాత కామధేనువు, ఉచ్చైశ్రవం, ఐరావతం — ఎవరూ అడగనివే ఒకదాని వెనక ఒకటి పైకి తేలాయి. అడిగింది చిట్టచివర వచ్చింది. పోతనగారి అష్టమ స్కంధం చెప్పేటప్పుడు ఏటా ఈ వరసను మా కాలేజీలో పిల్లలచేత నల్లబల్ల మీద రాయిస్తూ ఉంటాను. సముద్రంతో లావాదేవీ పెట్టుకున్నవాళ్ల ఇంటికి పిలిచిన చుట్టాలకంటే పిలవని పేరంటాళ్లే ఎక్కువగా వస్తారన్న సంగతి పురాణాలకే పరిమితం కాదని గత వేసవిలో కళ్లారా చూశాను. చూసింది కాకినాడలో కాదు. సముద్రానికి కొన్ని వందల మైళ్ల దూరాన, అమెరికాలో డాలస్ పక్కనున్న ప్లేనోలో, మా తమ్ముడి ఇంటి హాల్లో.

మా తమ్ముడు కంప్యూటర్ ఇంజనీరు. కొత్తగా ఇల్లు కొనుక్కున్నాడు. ఇల్లు చూడటానికి అమ్మనీ నన్నూ రమ్మన్నాడు. తీరా వెళితే వాడు ఇల్లు చూపించలేదు, తొట్టి చూపించాడు. 75 గాలన్ల గాజుతొట్టి. అంటే సుమారు 280 లీటర్లన్నమాట. మన ఇళ్లలో ఎర్రచేపలు పెంచుకునే మంచినీళ్ల తొట్టి కాదు. పగడపు దిబ్బను ఇంట్లో నిలబెట్టే ఉప్పునీటి తొట్టి. నీళ్లలో ఉప్పు కొలిచి కలుపుతూంటే మా అమ్మ, "సముద్రాన్ని వదిలేసి ఇంత దూరం వచ్చిందీ, వచ్చాక దాన్ని ఇంట్లో వండుకోవడానికట్రా?" అంది. అమ్మ పుట్టిల్లు ఉప్పాడ. సముద్రాన్ని చూస్తూ పెరిగిన మనిషి. అంచేత ఆవిడకి ఈ వ్యవహారంలో అభిప్రాయాలు చెప్పే హక్కు లేకపోలేదు.

ఈ తొట్టికి ప్రాణం చేపలు కావు, రాళ్లు. ప్రాణమున్న రాళ్లని వాటికి పేరు. అంటే రాయికి ప్రాణముంటుందని కాదు. రాతి బొరియల్లో, పగుళ్లలో, పైపొరలో కంటికి కనిపించేవీ కనిపించనివీ జీవరాసులు కాపురముంటాయి. ఫ్లారిడా తీరంలో 1990ల నాటికి సహజమైన దిబ్బలనుంచి ఇల్లాంటి రాళ్లు పెకలించడం నిషేధించారు. అందుకని ఇప్పుడు అక్కడివాళ్లు గనుల్లో తవ్విన సున్నపురాయిని, అనుమతి పొందిన చోట, సముద్రం అడుగున పరిచి ఉంచుతారు. ఏడాదికో రెండేళ్లకో దానిమీద జీవాలు నివాసం ఏర్పరచుకున్నాక పైకి తీసి అమ్ముతారు. మన దేశంలో అయితే రాతిపగడాలన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది; దిబ్బకు పోయి ముక్క విరుచుకొచ్చుకుంటామంటే కుదరదు.

ఫ్లారిడానుంచి తడి కాగితాల్లో చుట్టుకుని, విమానమెక్కి, 60 పౌన్ల రాళ్లు దిగాయి. పెట్టె విప్పగానే ఇల్లంతా చేపలరేవు వాసన. మా మరదలు ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని, "వదినా, ఈ రాళ్లకి పోసిన డబ్బుతో నాకో జత గాజులొచ్చేవి" అంది. అమ్మ మాత్రం ఆ వాసన హాయిగా పీల్చుకుంది.

రాళ్లు తొట్టిలో పెట్టిన రెండోనాటి రాత్రినుంచీ మొదలైంది పేరంటం.

వృద్ధాప్యంలో నిద్ర తక్కువ గదా. పైగా అక్కడి పగలు ఇక్కడి రాత్రి కావడంవల్ల ఆ పది రోజులూ అమ్మకు బొత్తిగా నిద్రపట్టలేదు. రెండింటికి లేచి తొట్టిముందు కూచునేది. తెల్లారేసరికి ఆవిడ చెప్పే సమాచారం ఒకటుండేది: "రాతిలో పాములున్నాయిరా. చేతులు బయటపెట్టి ఆడిస్తున్నాయి." "గాజుమీద ఎవరో చిట్టి జిలేబీలు చుట్టారు." "రాతి కిందనుంచి సేమ్యా పారుతోంది, ముట్టుకుంటే లోపలికి లాక్కుంటోంది."

పన్నెండేళ్ల మా మేనల్లుడు దీన్ని వేళాకోళం చేయలేదు. ఒక నోటుపుస్తకం తెచ్చి మూడు గళ్లు గీశాడు. మొదటి గడిలో మామ్మ పెట్టిన పేరు. రెండో గడిలో అత్త పెట్టిన పేరు — తెలుగు ఎమ్మే చదివిన మేనత్త ఉన్నందుకు ఆ మాత్రం గౌరవం ఇచ్చాడు. మూడో గడిలో పుస్తకాలు తిరగేసి తాను కనిపెట్టిన పేరు. ఎనిమిదేళ్ల చెల్లెలు పక్కన బొమ్మ వేసేది. రాత్రి తిరిగే జీవాలు తెల్ల వెలుతురు పడగానే దాక్కుంటాయి. ఎర్ర వెలుతురును అంతగా పట్టించుకోవు. అందుకని టార్చిలైటుకు ఎర్ర గాజుకాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేశాం. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు హాల్లో దీపాలార్పి, మామ్మా మనవలూ మేనత్తా నేలమీద చతికిలబడేవాళ్లం.

అమ్మ చెప్పిన పాములు మరేమీ కాదు, పెళుసు నక్షత్రాలు. నక్షత్రచేపకు దగ్గరి చుట్టాలు. నడుమును బొరియలో దాచుకుని, సన్నని చేతులు మాత్రం బయటపెట్టి తిండి ఏరుకుంటాయి. వీటి శాస్త్రనామం గ్రీకుమాటతో మొదలవుతుంది. ఆ మాటకు అర్థం పామే! ఉప్పాడ ఆడపడుచుకీ గ్రీకు వచ్చిన పండితుడికీ ఒకటే తోచిందన్నమాట. సేమ్యా విషయంలోనూ అంతే. రాతికింద కదలకుండా కూచుని పారదర్శకమైన దారాలు నలుదిక్కులా చాచి, ఇసుకమీది చెత్తను నోటికి చేర్చుకునే పురుగది. ఇంగ్లీషువాళ్లు దాన్ని స్పగెట్టి పురుగన్నారు. నేను 'తంతుకీటకం' అని రెండో గడిలో రాయించాను గానీ ఇంట్లో ఎవరూ ఆ మాట వాడలేదు. సేమ్యాయే స్థిరపడింది.

గాజుమీది జిలేబీలను చూసి నత్తగుడ్లేమోనని పిల్లలు అనుకున్నారు. భూతద్దంలో చూస్తే ఒక్కొక్క చుట్టలోంచీ ఆవగింజ పాటి విసనకర్ర బయటికి వచ్చి ఆడుతోంది. అవి సున్నపు గూళ్లు కట్టుకున్న పురుగులు. ముగ్గుచుక్కల్లా గాజుమీద పరుగులెత్తేవి రొయ్యజాతికి చెందిన సూక్ష్మజీవాలు. రేపు చేపలకు అవే చిరుతిండి.

నాలుగోరాత్రి తొట్టిలోంచి 'టక్' మని చప్పుడైంది. గాజు పగిలిందేమోనని మా తమ్ముడు మంచంమీంచి దూకి వచ్చాడు. గాజు బాగానే ఉంది. మళ్లీ 'టక్'. ఇలాంటి చప్పుడు చేసే జీవాలు ముఖ్యంగా రెండు రకాలని తేలింది. ఒకటి గొల్లభామలా ముందుకాళ్లు మడిచి కూచునే జాతి. కాడలమీది కళ్లను చెరొకవైపూ తిప్పుతుంది, ముందుకాలితో గుద్ది నత్తగుల్లల్ని పగలగొడుతుంది. అది ఉంటే తొట్టిలో పీతలకూ నత్తలకూ ఆయుష్షు తక్కువే. రెండోది చిటికెల రొయ్య. దాని రెండు డెక్కల్లో ఒకటి ఒంటికి తగనంత పెద్దది. ఆ డెక్క టక్కున మూసుకున్నప్పుడు నీటిధార దూసుకుపోయి ఒక బుడగ పుడుతుంది. ఆ బుడగ కూలినప్పుడు వచ్చేదే ఆ చప్పుడు. ఈ సంగతిని 2000లో శాస్త్రజ్ఞులు అతివేగపు కెమెరాతో తీసి చూపించారు. మరి మా ఇంటికి వచ్చింది ఏది? మూడు రాత్రులు కాపలా కాస్తే ఒక బొరియ అంచున పెద్ద డెక్క ఒకటి కనిపించింది. "చిటికెలవాడు!" అంది అమ్మ. ఉండనిచ్చాం.

ఇంతవరకూ వినోదమే. ఇక్కడినుంచి చిత్తగించండి.

రాళ్లు వచ్చిన అయిదో రోజు మా మేనల్లుడి పుట్టినరోజు. ఇంకా ఆగాలని వాడంటూనే ఉన్నాడు గానీ, ఎప్పుడో ఇచ్చిన మాట ప్రకారం మా తమ్ముడు రెండు విదూషక చేపలు తెచ్చి వదిలాడు. నారింజరంగు ఒంటిమీద తెల్ల పట్టీలు. పిల్లల ఆనందం ఇంతా అంతా కాదు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున అమ్మ నన్ను లేపింది. ఒక చేప ఇసుకమీద పక్కకు ఒరిగి ఉంది. దాన్ని చుట్టుకుని ఏడెనిమిది పురుగులు. జానెడు పొడవు, గులాబీరంగు, ఇరుపక్కలా తెల్లని ముళ్ల కుచ్చులు. అమ్మ పుస్తకంలో 'జెర్రి' అని రాయించింది వీటినే.

పిల్లలు లేచి చూశారు. చిన్నది వెక్కివెక్కి ఏడిచింది. మేనల్లుడు ఏడవలేదు, అదే నాకు మరింత బాధనిపించింది. మా తమ్ముడికి మాత్రం కోపం నషాళానికి అంటింది. "ఇవి హంతకులు. రాయి విడవకుండా అన్నిట్నీ ఉడకబెట్టేస్తాను. ఒక్క పురుగు మిగలకూడదు" అని, పండగలకి పులిహోర కలిపే గుండిగ తీసి, నీళ్లు నింపి పొయ్యిమీద పెట్టాడు. అప్పుడు ఇంట్లో ఆరుగురం ఉన్నాం. బయట ఎండకు భయపడి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. నీళ్లు సలసల మరుగుతున్నాయి. చేతులకు తొడుగులైనా లేకుండా తొట్టిలోంచి మొదటి రాయి తీశాడు.

"నాన్నా, ఆ రాయి మీద మామ్మ గుండీలున్నాయి" అన్నాడు మేనల్లుడు.

"గుండీలేమిట్రా?"

వాడు నోటుపుస్తకం తెరిచి తండ్రిముందు పెట్టాడు. ఏడో పేజీ. మామ్మ పెట్టిన పేరు: గుండీలు. పక్కన చెల్లెలు వేసిన బొమ్మ — గోధుమరంగు పరుపులో పక్కపక్కన పొదిగినట్టు గుండ్రని బిళ్లలు, అంచున పొట్టి మీసాలు, నడుమ గుండీ కాజాలా సన్నని నోరు. బొమ్మ కింద మామ్మ మాట: "వాటి చర్మంలోనే ఇసుక ఉంది, ఎంత నీరు పారినా పోదు." ఆ ఇసుకే గుర్తు. చూడటానికి ఇల్లాగే ఉండే మరో జాతికి ఒంట్లో ఇసుక ఉండదు. ఇసుకను ఒంట్లో కలుపుకునేది పాలిథోవా. మూడో గడిలో ఆ పేరు ఎర్రసిరాతో రాసి ఉంది.

ఎర్రసిరా ఎందుకంటే, ఈ జాతిలో కొన్నిటి ఒంట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. దాన్ని 1971లో హవాయి శాస్త్రజ్ఞులు వేరుచేశారు. సముద్రజీవాల విషాలలో అతి ఘోరమైన వాటిలో అదొకటి. ఉడకబెడితే విరగదు, పైగా ఆవిరితోపాటు తుంపరలై గాలిలో కలుస్తుంది, ఇంటిల్లిపాదీ పీలుస్తారు. 2018 మార్చిలో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డుషైరు జిల్లా స్టీవెంటన్ అనే ఊళ్లో ఇంటి తొట్టిలోని పగడాలను శుభ్రం చేస్తూండగా ఈ విషం లేచింది. ఆ కుటుంబంలో ఆరుగురూ, సాయానికి వచ్చిన సిబ్బంది నలుగురూ, మొత్తం పదిమంది ఆస్పత్రి పాలయ్యారు. మేనల్లుడు ఇదంతా పేజీ వెనక తన వంకర అక్షరాలతో రాసుకున్నాడు. తండ్రి నిలబడే చదివాడు. చదివి, రాయిని మెల్లిగా, నీళ్లు చిందకుండా, తొట్టిలోకి దించాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. మా మరదలు ఒక్క మాట మాట్లాడకుండా పొయ్యి ఆర్పి, కిటికీలన్నీ తెరిచింది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ గుండిగలోంచి పైకి లేస్తున్న ఆవిరి ఒట్టి మంచినీళ్లదే. అయినా అందరం దానికేసే చూస్తున్నాం. కాసేపటికి అమ్మ, "మరిగిన నీళ్లు పారబొయ్యడమెందుకు, పిల్లలకి ఆ పాస్తా ఏదో ఉడకెయ్యి" అంది కోడలితో. అప్పుడందరికీ ఊపిరి తిరిగింది.

చేప ఎందుకు చచ్చిపోయిందన్న ప్రశ్న మాత్రం మిగిలింది. దానికి సమాధానమూ ఆ నోటుపుస్తకంలోనే ఉంది, చివరి అట్టమీద. మేనల్లుడు రోజూ గాజుగొట్టంలో తొట్టినీళ్లు పట్టి, మందుచుక్కలు వేసి, రంగు చూసి రాసుకుంటున్నాడు. పసుపుపచ్చగా ఉంటే నీళ్లలో అమ్మోనియా లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. ప్రయాణంలో నీళ్లు లేక రాళ్లమీది జీవాలు కొన్ని చచ్చి కుళ్లుతాయి. ఆ కుళ్లులోంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. దాన్ని నైట్రైటుగానూ, నైట్రైటును నైట్రేటుగానూ మార్చి నీళ్లను బాగుచేసే సూక్ష్మజీవులు రాళ్లలోనే ఉంటాయి గానీ, అవి తొట్టికి తగినంతగా పెరగడానికి వారాలు పడుతుంది. అందాకా చేపలు రాకూడదు. నాలుగో రోజునుంచి ఎనిమిదో రోజుదాకా ఆ అట్టమీద ప్రతి గడిలోనూ 'ఆకుపచ్చ' అనే ఉంది.

జెర్రులు వచ్చింది చంపడానికి కాదు, చచ్చినదాన్ని తినడానికి. శవాన్ని మోయడానికి వచ్చిన నలుగుర్నీ హంతకులంటే ఎలా? ఆ పని అవి చేయకపోతే కుళ్లు మరింత పెరిగి రెండో చేప కూడా దక్కేది కాదు. అల్లాగని వాటితో చేతులు కలపకూడదు సుమా. ఆ తెల్లముళ్లు గాజుపీచులా వేలిలో విరిగి మంటపుట్టిస్తాయి. వీటి జాతిలోనే అగ్గిపురుగని ఒకటుంది. అది పగడాల్ని తినేస్తుంది. దానికి ఒంటి పొడుగునా ముళ్ల మొదట్లో ఎర్రని కుచ్చుల్లాంటి మొప్పలు, తలమీద ముడతలు పడ్డ తురాయి ఉంటాయి. మేనల్లుడు భూతద్దంతో ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, తురాయిలేదు, కుచ్చులు లేవు అని తేల్చి విడుదల చేశాడు. తొట్టినీళ్లు మూడోవంతు మార్చారు, మర్నాడు మళ్లీ మార్చారు. రెండో చేప బతికింది.

పిలవకుండా వచ్చినవన్నీ సాధువులేనని నేనడం లేదు. ఇంగ్లండులోనే న్యూకీ అనే ఊరి ప్రదర్శనశాలలో చేపలు గాయపడుతూంటే, పగడాలు రాత్రికి రాత్రి తెగిపడుతూంటే, 2009లో తొట్టి మొత్తం విప్పి చూశారట. రాళ్లలో ఎప్పుడో దూరిన నాలుగడుగుల పురుగు బయటపడింది. దానికి బారీ అని నామకరణం కూడా చేశారు. మా తొట్టిలోనూ దోషులు లేకపోలేదు. ఒక ఎండ్రకాయ దొరికింది. కాళ్లనిండా వెంట్రుకలు, డెక్కల కొసలు నల్లగా సూదిగా ఉన్నాయి. డెక్క కొస చెంచాలా ఉంటే నాచు గీక్కుతినే బాపతు. సూదిలా ఉంటే మాంసం చీల్చుకుతినే బాపతు. దీన్ని సీసాలో రొయ్యముక్క ఎరవేసి పట్టి, వేరే చిన్న తొట్టిలో ఒంటరి ఖైదు వేశారు.

అన్నిటికంటే గడుసుది గాజుపువ్వు. లేతగోధుమరంగు కాడమీద పారదర్శకమైన రేకులు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. పక్కనున్న పగడాలను కుట్టి చంపుతుంది. గిల్లి పారేద్దామంటే, రాతికి అంటుకున్న చిన్న ముక్కనుంచి మళ్లీ పుడుతుంది. ఒకటి పీకినచోట నాలుగు లేస్తాయి. నేను రెండో గడిలో 'రక్తబీజుడు' అని రాయించాను. నేను పెట్టిన పేర్లలో ఇంటిల్లిపాదీ వాడిన పేరు ఇదొక్కటే. కథ కూడా చెప్పాను. బొట్టు నేల రాలకుండా కాళిక నోరు చాచి మింగిందంటే, "అయితే మనకీ కాళిక కావాలి" అంది చిన్నది. కాళిక నిజంగానే ఉంది. ఎర్రచారల పిప్పర్‌మెంటు రొయ్య ఈ పువ్వులను తింటుంది. రెండిటిని తెచ్చి వదిలారు.

నేను పాతికేళ్లుగా మాటలతో బతుకుతున్నదాన్ని. నిఘంటువులో మాట ఒక చోట, అర్థం ఒక చోట ఉంటే పని అయిపోయిందనుకుంటాం. ఆ నోటుపుస్తకం చూశాక పేరు చేసే పని ఎంతుందో నాకు మరోలా తెలిసింది. ఉత్త గుండీలన్న పేరుతో ఆ పూట ఆపద తప్పేది కాదు. పాలిథోవా అన్న పేరు పట్టుకుంటేనే, స్టీవెంటనులో ఆ పదిమందికి ఏమైందో ప్లేనోలో ఒక పన్నెండేళ్లవాడికి తెలిసింది. కాని నిద్రపట్టని ముసలావిడ ఒకతె రాత్రి రెండింటికి కూచుని, గుండీల ఒంట్లో ఇసుక ఉందని చూసి ఉండకపోతే, ఆ పెద్ద పేరు దగ్గరికి వాడు చేరేవాడూ కాదు. పేరు తెలుసుకోకముందే పొయ్యి వెలిగించడం మనుషుల విషయంలోనూ మనకి అలవాటే. కొత్తగా కాపరానికి వచ్చిన పిల్లమీదో, పక్కవాటాలో దిగిన కుటుంబంమీదో మొదటి వారంలోనే తీర్పు చెప్పేస్తూ ఉంటాం. నాలుగు రాత్రులు చూసి చెప్పేవాళ్లు తక్కువ.

జూన్‌లో కాలేజీ తెరుస్తారని నేను తిరిగి వచ్చేశాను. అమ్మ మరో మూడు నెలలు అక్కడే ఉండిపోయింది. ఉప్పాడ తప్ప ఎక్కడా నిద్రపట్టదనే మనిషి, తొట్టిముందు పడకకుర్చీ వేయించుకుందట. మొన్నటిదాకా నోటుపుస్తకంలో ముప్ఫయ్యొక్క పేర్లెక్కాయి. ముప్ఫయి రెండో గడిలో అమ్మ పేరు పెట్టింది — ముత్యాలపురుగు. మేనల్లుడు ఫొటో పంపి, "అత్తా, మూడో గడి ఖాళీగా ఉంది. నువ్వు ఏమైనా చెప్పగలవా?" అని అడిగాడు. మా కాలేజీ జంతుశాస్త్రం మేష్టరికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఇంకాస్త దగ్గరగా, ప్రక్కనుంచి మరో ఫొటో పంపమనండి" అన్నారు. పంపేదాకా దాన్ని ఎవరూ కదపవద్దని కబురు చేశాను.